ఎండలో పెట్టిన పెట్టె

కాలవగట్టు పేటలో పందులు పెంచే పోలయ్య కష్టజీవే గాని, పక్కింటి నాంచారమ్మ పాకవైపు చూసినప్పుడల్లా అతని కడుపు మండిపోయేది.

పోలయ్య పంది ఈతకు ఆరేడు పిల్లల్ని పెట్టేది. నాంచారమ్మ మాత్రం పశువుల డాక్టరమ్మ చేత తన పందికి ఎదసూది వేయించింది. మేలుజాతి పంది వీర్యాన్ని సన్నటి గొట్టంతో ఎక్కించే పద్ధతి అది. ఆ ఈతలో పదకొండు పిల్లలు పుట్టాయి. చూడటానికి పేటంతా వచ్చింది. పోలయ్య ఒక్కడే వెళ్ళలేదు.

ఆ పిల్లలు పాలు మానాక ఇద్దరి పందులూ ఒకే రోజు ఎదకొచ్చాయి. పొద్దున్నే డాక్టరమ్మ ఒక పెట్టె తెచ్చింది. నాంచారమ్మ అప్పటికే తవుడు కోసం సంతకు వెళ్ళింది.

"పోలయ్యా, ఇందులో రెండు సీసాలున్నాయి. ఒకటి నాంచారమ్మది, ఒకటి నీది. సాయంత్రం వచ్చి వేస్తాను. మూత తీయకుండా నీడలో ఉంచు" అని చెప్పి, డాక్టరమ్మ బండెక్కి వెళ్ళిపోయింది.

'నాకూనా? నేను అడగలేదే!' అనుకున్నాడు పోలయ్య. అంతలో ఆ పదకొండు పిల్లలు గుర్తొచ్చాయి. 'నాంచారమ్మ పంది ఈసారి ఎన్ని పెడుతుందో చూద్దాం' అనుకుని, తన సీసాను తీసి ఫ్రిజ్‌లో భద్రంగా దాచుకున్నాడు. ఆమె సీసా ఉన్న పెట్టెను మూత తీసి ఎండలో పెట్టాడు. ఆమె వచ్చే వేళకు నీడలోకి జరిపాడు.

సాయంత్రం డాక్టరమ్మ నాంచారమ్మ సీసాలోంచి ఒక చుక్క తీసి సూక్ష్మదర్శినిలో చూసింది.

"కదలిక లేదమ్మా. వేడికి పాడైంది."

"నాదే తప్పు. సంతకు వెళ్ళకుండా ఉండాల్సింది" అంది నాంచారమ్మ.

"నాది బాగానే ఉందండీ" అంటూ పోలయ్య తన సీసా తెచ్చాడు.

డాక్టరమ్మ దాన్ని ముట్టుకుని ఉలిక్కిపడింది. "ఫ్రిజ్‌లో పెట్టావా! పంది వీర్యం అంత చలికి బతకదు. ఒకే పెట్టెలో ఉండాల్సిన సీసాలను ఎందుకు విడదీశావు?"

నాంచారమ్మకు అంతా అర్థమైంది.

"నీకూ ఒక సీసా తెమ్మని డాక్టరమ్మతో చెప్పింది నేనే, తమ్ముడూ" అని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పోలయ్య ఆమె గుమ్మంలో నిలబడి చేసిందంతా ఒప్పుకున్నాడు. ఆమె వెంటనే కరగలేదు. మూడు వారాలు మాట్లాడలేదు. పందులు మళ్ళీ ఎదకొచ్చిన రోజున మాత్రం, "రా, ఈసారి ఇద్దరం దగ్గరుండి చూసుకుందాం" అని పిలిచింది. పోలయ్య తల వంచుకుని వెళ్ళాడు.

ఎదుటివారికి కలిసిరాకూడదని కోరుకునేవాడు, తనకు రాబోయే మేలును కూడా తన చేతులతోనే పాడుచేసుకుంటాడు.