ఆ మలుపులో బండి ఆగదు

నవంబరు చివరికి నా బండి టైర్లు నున్నగా అరిగిపోయినాయి. డిసెంబరులో మనాలిలో మంచు పడుతుంది. టైర్లు మార్చకపోతే సొరంగం అవతలి లోయకు బండి పోదు. బండి పోకపోతే ఆ హోటలు ముందు నుంచి నేను పోలేను.

ఆ హోటలు మా తమ్ముడు మద్దిలేటిది.

వాణ్ణి నేనే పెంచినాను. రోడ్డు పనులకని నంద్యాల నుంచి ఇద్దరం కలిసే ఈ కొండలకు వచ్చినాం. మొదటి చలికాలం ఒకే రగ్గులో పడుకున్నాం. ఐదేళ్ళ కిందట వాడు ఇక్కడి పిల్లను పెళ్ళి చేసుకున్నాడు. నాకు కబురు లేదు. ఫోన్లో చెప్పినాడు, అదీ పెళ్ళయిన మూడో రోజు. రెండో రోజు చెప్పినా వేరే సంగతి. మూడో రోజు. నేను మరిచిపోలేదు.

అప్పటి నుంచి వాడి గడప తొక్కలేదు. కానీ వారానికి రెండుసార్లు టూరిస్టులను ఎక్కించుకొని ఆ దారినే పోతాను. సొరంగం దాటి ఆరు కిలోమీటర్లు పోయినాక ఒక మలుపు, మలుపులో వాడి హోటలు. అక్కడికి రాగానే నా పక్క అద్దం ఒక వేలంత దించుతాను. ఎండుమిరపకాయల పోపు వాసన లోపలికి వస్తుంది. అచ్చం మా అమ్మ వేసే పోపు. వాడు ఆమె పక్కన కూర్చొని నేర్చుకున్నాడు. నాకు చేతకాలేదు. మలుపు తిరగగానే అద్దం ఎత్తేస్తాను.

ఒక్కటి మాత్రం నాకు గిట్టేది కాదు. చలికాలం అంతా ఆ మలుపులో మంచు మీద బూడిద పడి ఉంటుంది. పొయ్యి బూడిద తెచ్చి రోడ్డు మీద పారబోస్తాడు, అమ్మ నేర్పిన శుభ్రం ఏమైపోయిందో అని తిట్టుకునేవాణ్ణి.

మన తెలుగువాళ్ళు ఎక్కితే ఇంక గోలే. "డ్రైవర్ గారూ, తెలుగు బోర్డు! ఆపండి, ఆపండి!"

"ఆ మలుపులో బండి ఆగదు సార్. జారుతుంది."

"ఇది మే నెల కదండీ, మంచేదీ?" అని ఒకామె అడిగింది.

"ఇసక ఉందమ్మా" అన్నాను.

టైర్ల కోసం మా ఉస్తాదు హుస్సేన్‌పీరా దగ్గరికి పోయినాను. ఆయనది ప్రొద్దుటూరు. మిలిటరీ లారీలు నడిపి, రిటైరై, మనాలి బస్టాండు వెనక టైర్ల కొట్టు పెట్టుకున్నాడు. బండి కొనక ముందు రెండేళ్ళు ఆయన దగ్గరే టైర్లు ఊడదీసి బిగించినాను. ఆయన మాట తక్కువ. మనం తప్పు చేస్తే తిట్టడు. మన చేతిలోంచి పానా తీసుకొని తనే బిగిస్తాడు. దానికంటే తిడితేనే నయం.

"ఆ పెద్ద గుబ్బలవి వేయండి ఉస్తాద్. వెడల్పువి" అన్నాను.

ఆయన ఇంకో రకం చూపించినాడు. సన్నటివి. వాటి మీద బ్లేడుతో కోసినట్టు సన్న సన్న గీతలు.

"ఇవా? పాలవ్యాను టైర్ల మాదిరుండాయి. నా బండికి నాలుగు చక్రాలూ లాగుతాయి ఉస్తాద్. ఎంత మంచులో అయినా పోతాది."

"పోతాదిలే. నీ బండి పోతాదని అందరికీ తెలుసు" అన్నాడు.

ఆ మాట నాకు పొగడ్త లాగే వినిపించింది. గుబ్బలవే బిగించినాం. సాయంత్రం ఆయన కొట్టు ముందరి వాలు మీద నాలుగు బకెట్ల నీళ్ళు పోసినాడు. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. "పొద్దున రా" అన్నాడు.

పొద్దునకు ఆ వాలు అద్దం మాదిరి గడ్డకట్టింది. కింద చివర పక్కగా స్టూలు వేసి, దాని మీద పొగలు కక్కే చాయ్ గ్లాసు పెట్టి, తను గోడవార నిలబడినాడు.

"పైనుంచి రా. స్టూలు పక్కన ఆపు. చాయ్ తాగుదువు."

"అంతేనా?" అని నవ్వినాను.

మెల్లగానే దిగినాను. స్టూలుకు రెండు బారల ముందే బ్రేకు తొక్కినాను. బ్రేకు కాలి కింద గడగడలాడింది. బండి ఆగలేదు. చాయ్ గ్లాసు నా కిటికీ పక్క నుంచి మెల్లగా వెనక్కి పోయింది. చెయ్యి చాపితే అందేంత దగ్గర. బండి పోయి పోయి గోడ కిందున్న మంచుకుప్పలో ముక్కు పెట్టింది.

వెనక అద్దంలో చూస్తే, ఉస్తాదు స్టూలు మీద కూర్చొని నా చాయ్ తాగుతున్నాడు.

"దిగి గోరు పెట్టి చూడు" అన్నాడు.

టైరు మీద గోరు నొక్కినాను. దిగలేదు. నిన్న కొట్టులో రబ్బరు, ఈ పొద్దు చలికి రాయి. ఆ మాట నాకు తెలియనిది కాదు. రెండేళ్ళు ఆయన దగ్గర చేసినవాణ్ణి. గుబ్బలు చూసి మరిచిపోయినాను.

నాలుగూ ఊడదీసినాను. వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఆయన చెయ్యి వేయలేదు, ఇంకో చాయ్ పెట్టుకుంటున్నాడు. సన్న గీతల టైర్లు బిగించినాను. ఒక్కోదాని మీద గోరు పెట్టి చూసినాను. అంత చలిలోనూ దిగింది.

ఆయన ఆ చాయ్ తెచ్చి స్టూలు మీద పెట్టినాడు. మళ్ళీ పైనుంచి వచ్చినాను. మళ్ళీ అక్కడే బ్రేకు తొక్కినాను. బండి కొంచెం జారింది, పట్టుకుంది, ఆగింది. కిటికీలోంచి చెయ్యి చాపి గ్లాసు అందుకున్నాను.

"ఆగింది ఉస్తాద్!"

ఆయన వచ్చి కిటికీ మీద మోచేయి ఆనించినాడు.

"పోయిన వారం మీ మద్దిలేటి పంచరుకు వచ్చినాడు. 'మా మలుపులో అన్న బండి ఆగడం లేదంట ఉస్తాద్, టూరిస్టులు చెప్తాండారు. మంచి టైర్లు ఉంటే చూడు' అన్నాడు."

నేను చాయ్ వైపు చూస్తూ కూర్చున్నాను.

"జారకుండా ఉంటాదని రోజూ తెల్లారి పొయ్యి బూడిద చల్లుతాడంట. ఐదు చలికాలాల నుంచి. అయినా ఆగడం లేదంట."

గ్లాసు నా చేతిలోంచి తీసుకున్నాడు. నేను ఇంకా ఒక గుక్క కూడా తాగలేదు.

"ఇంకమీద సాకు బండి మీద పెట్టొద్దు" అని కొట్టులోకి పోయినాడు.

ఆ రోజు బండిలో టూరిస్టులు ఎవరూ లేరు. సొరంగం దాటినాను. మలుపు దగ్గరికి రాగానే అలవాటుగా అద్దం ఒక వేలంత దించినాను. వాసన వచ్చింది. రోడ్డు మీద మంచు తెల్లగా ఉంది, మలుపులో మాత్రం బూడిద, అప్పుడే చల్లినట్టు.

అద్దం మొత్తం దించేసి, బ్రేకు మీద కాలు పెట్టినాను.