చెంగల్రాయులు కారులో ఎర్రలైటు

అలివేలమ్మగారు పాఠం మధ్యలో ప్రశ్నలు అడగనిచ్చేవారు కారు. పాఠం ముగించి, పుస్తకం మూసి, కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారంటే ఇక అడగవచ్చునని అర్థం. మదనపల్లెలో ఆమె ఇంటి వరండాలో సాయంత్రాలు ఉపనిషత్తు వినడానికి కొద్దిమంది వచ్చేవాళ్ళు. అందరూ సంసారాలూ ఉద్యోగాలూ ఉన్నవాళ్ళే. ఒకనాడు మిగతావాళ్ళు వెళ్ళిపోయాక సుగుణ మాత్రం కూర్చుండిపోయింది.

"అమ్మా, నాకొక మంత్రం కావాలి," అంది. "కొన్నాళ్ళుగా ఒకటే దిగులు. వంట చేస్తున్నా, పూజలో కూర్చున్నా లోపల ఏదో పొడుస్తూనే ఉంది. అది నోరు మూసుకుంటే చాలు."

దేని గురించి దిగులని అలివేలమ్మగారు అడగలేదు. సుగుణా చెప్పలేదు. తాను ఉద్యోగం చేసిన రోజుల్లో పక్కింట్లో జరిగిన సంగతి ఒకటి ఆమె చెప్పసాగారు.

అప్పట్లో ఆమె కొండ మీద ఒక వసతి పాఠశాలలో తెలుగు చెప్పేవారు. పక్క క్వార్టర్సులో లెక్కల మాస్టరు చెంగల్రాయులు, ఆయన భార్య వనజ ఉండేవాళ్ళు. పెళ్ళయిన చాలా ఏళ్ళకు వనజ కడుపు పండింది. ఆసుపత్రి కింద ఊళ్ళో ఉంది. దిగే దారంతా వంపులే. బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఏ వేళ ఏ అవసరం వస్తుందోనని చెంగల్రాయులు ఒక పాత కారు కొన్నాడు.

వనజకు ఏడో నెల నడుస్తుండగా ఆ కారులో, స్టీరింగు వెనక, బ్రేకు గుర్తున్న ఎర్రలైటు వెలగడం మొదలైంది. మొదట వంపు తిరిగేటప్పుడు మాత్రమే మినుకుమనేది. తర్వాత తిన్నటి దారిలోనూ వెలుగుతూ ఉండిపోయింది. హ్యాండ్ బ్రేకు సరిగా దిగలేదేమోనని చెంగల్రాయులు దాన్ని లాగి, దించి, మళ్ళీ లాగి చూశాడు. లైటు ఆరలేదు. బానెట్ ఎత్తి చూస్తే బ్రేకు ఆయిలు డబ్బాలో ఉండవలసిన గీతకన్నా తక్కువగా ఉంది. "ఓస్, ఇంతేనా!" అనుకుని ఆయిలు తెచ్చి పోశాడు. లైటు ఆరింది. ఆ పూట వనజను ఎక్కించుకుని బడి చుట్టూ ఒక చక్కరు కూడా కొట్టాడు.

వారం తిరక్కుండానే లైటు మళ్ళీ వచ్చింది. మళ్ళీ పోశాడు, మళ్ళీ ఆరింది, మళ్ళీ వచ్చింది.

"ఏమండీ, పోసిందంతా యాడికి పోతాండాది?" అని అడిగింది వనజ.

ఆ మాటకు చెంగల్రాయులుకు కోపం వచ్చింది. కారు కింద అట్టముక్క పరిచి చూశాడు. చుక్క పడలేదు. చక్రాలు విప్పి చూడాలని తెలుసు. జాకీ, స్పానర్లు ఇంట్లోనే ఉన్నాయి. కానీ చేతులు ఆడలేదు. విప్పితే పెద్ద రోగమేదో బయటపడుతుందేమో, బయటపడితే ఈ నెలల్లో కారు లేనట్టే కదా అని భయం. చూడనంత కాలం కారు ఉన్నట్టే.

ఆయిలు డబ్బాకు ఒక వైరు తగిలించి ఉంటుంది. లోపల ఆయిలు తగ్గితే లైటుకు కబురు పంపేది అదే. ఆ వైరే చెడిందని చెంగల్రాయులు తనకు తాను చెప్పుకున్నాడు. ఒకరోజు దాన్ని ఊడబెరికి పక్కకు మడిచి పెట్టాడు. లైటు ఆరిపోయింది. ఇక రాలేదు.

"బాగుచేసినాను," అని భార్యకు చెప్పాడు. వనజ సంతోషించింది. కానీ మాస్టరుకు ఆనాటి నుంచి అన్నం సహించలేదు. అలివేలమ్మగారు గోడ మీదుగా పలకరించినా ముభావంగా పోయేవాడు. అంతకుముందు లైటు వెలిగినప్పుడే భయపడేవాడు. ఇప్పుడు వెలగని ఆ లైటు వైపు చూసినప్పుడల్లా భయపడుతున్నాడు.

ఒక పొద్దున వనజ పాలిపోయిన ముఖంతో వచ్చి, లేచిన దగ్గర్నుంచీ కడుపులో బిడ్డ కదల్లేదంది. చల్లటి నీళ్ళు తాగి ఎడమవైపు తిరిగి పడుకుని చూసింది. కదలిక తెలియలేదు. బస్సు అప్పుడే వెళ్ళిపోయింది. "కారు తీయండి," అంది.

చెంగల్రాయులు కారు తీశాడు. బ్రేకు పెడల్ నొక్కి చూస్తే కాలు ఎప్పటికన్నా లోతుకు, మెత్తగా దిగింది. బడి గేటు దాటితే వాలు మొదలవుతుంది. గేటు దాకా నడిచినంత నెమ్మదిగా పోనిచ్చాడు. వనజ ఒక చేయి కడుపు మీద పెట్టుకుని, "ఈ పొద్దు ఆ లైటన్నా లేదు, అదొక ధైర్యం," అంది. ఆయన స్టీరింగును గట్టిగా పట్టుకున్నాడు. మెడ మీద చెమట కారుతోంది. ఆమె తల తిప్పి ఆయన ముఖం చూసింది. తర్వాత లైటు ఉండవలసిన చోటు చూసింది.

"అది ఆరిందా, మీరు ఆర్పినారా?"

ఆయన హ్యాండ్ బ్రేకు లాగి కారు ఆపేశాడు. "ఆర్పినాను," అన్నాడు.

వనజ తలుపు తీసుకుని దిగి, గేటు స్తంభం పట్టుకుని నిలబడింది. ఆయన ఆయాసపడుతూ పరుగెత్తుకొచ్చి అలివేలమ్మగారిని పిలిచాడు. వంటశాలకు కూరగాయలు తెచ్చిన వ్యాను ఇంకా అక్కడే ఉంది. డ్రైవరును ఆమె పిలిచారు. మిగిలిన బస్తాలు వాకిట్లో దించేసి, వనజను ముందు సీట్లో కూర్చోబెట్టారు. మాస్టరు వెనక వంకాయల బుట్టల మధ్య ఎక్కాడు. వంపు వంపుకూ ముందుకు వంగి, "ఎట్లుండాది?" అని అడిగేవాడట. ఆమె ఒక్కసారీ జవాబు చెప్పలేదట.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కడుపు మీద యంత్రం పెట్టి అటూ ఇటూ వెతికింది. చివరికి టకటకమని చిన్న గుండె చప్పుడు వినిపించింది. బిడ్డ క్షేమం. అప్పుడు ఏడ్చింది వనజ కాదు, చెంగల్రాయులు.

సాయంత్రం బస్సులో కొండెక్కారు. మరునాడు ఆయన మిగతా చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, జాకీ ఎత్తి, వెనక చక్రాలు విప్పాడు. ఎడమవైపు బ్రేకుల మీద మూతలా ఉండే డ్రమ్ము ఊడదీయగానే లోపలంతా నల్లటి జిడ్డు. ఆయిలు ఒత్తిడితో బ్రేకును నొక్కే వీల్ సిలిండరులో రబ్బరు చీలిపోయింది. కారిన ఆయిలు కింద పడకుండా డ్రమ్ము లోపలే, చక్రాన్ని పట్టి ఆపే బ్రేకు లైనింగును నానబెడుతోంది. అందుకే నేల మీద చుక్క కనిపించలేదు. ఆయన మట్టిలో కూలబడిపోయి చాలాసేపు దాన్నే చూస్తూ ఉన్నాడు. వనజ వచ్చి పక్కన నిలబడి తానూ చూసింది.

"దీంతోనా నన్ను కిందికి తీసుకుపోతా ఉన్నింది మీరు?" అంది. ముందు రోజు నుంచి ఆయనతో ఆమె అన్న మొదటి మాట అదే.

ఊళ్ళో కొత్త సిలిండరు, లైనింగు కొనుక్కొచ్చి బిగించాడు. పైపుల్లో చేరిన గాలి తీయడానికి లోపల కూర్చుని పెడల్ నొక్కే మనిషి కావాలి. వనజను కూర్చోబెట్టే ధైర్యం లేక అలివేలమ్మగారిని బతిమాలాడు. "నొక్కండి మేడమ్. అట్లే పట్టుకోండి. నేను చెప్పేదాకా వదలొద్దు," అని కారు కింద నుంచి కేక వేసేవాడు. గాలి బయటికి పోవడానికి తగిలించిన గొట్టంలో బుడగలు రావడం ఆగిపోయి పెడల్ కాలి కింద రాయిలా గట్టిపడింది. అప్పుడు డబ్బా నింపి, ఊడబెరికిన వైరును తన చేత్తోనే మళ్ళీ తగిలించాడు. మొదట ఖాళీ మైదానంలో నడిపి చూసి, తర్వాత ఒంటరిగా రెండు వంపులు దిగి, ఎక్కి వచ్చాడు. లైటు వెలగలేదు. వనజ నెలలు నిండాక ఆ కారులోనే కొండ దిగి ఆడపిల్లను కన్నది.

అలివేలమ్మగారు అక్కడితో ఆపారు. వీధి దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. సుగుణ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ కూర్చుంది.

"బాగుచేశాక ఆయనకు భయం పోయిందా అమ్మా?"

"యాడ పోతుంది? చాలాకాలం ప్రతి వంపు దగ్గరా చెమటలు పట్టేవి. కాకపోతే, భయంగా ఉందని భార్యకు చెప్పేవాడు. బండి పక్కకు ఆపి దిగి చూసేవాడు. చూసి, మళ్ళీ ఎక్కేవాడు."

సుగుణ తల వంచుకుంది. "మరి నాకు మంత్రం ఇవ్వరా?" అంది గొంతు తగ్గించి.

అలివేలమ్మగారు కళ్ళజోడు పెట్టుకుని ఆమె ముఖంలోకి చూశారు.

"ఇస్తాను," అన్నారు. "ముందు ఆ పొడుస్తున్నదేమిటో చూసి రా."