శారీ గార్డు విప్పించిన గౌరీశ్వరరావు

పార్వతీపురంలో గౌరీశ్వరరావు అనే కరెంటాఫీసు ఉద్యోగి ఉండేవాడు. ఊళ్ళో కనిపించిన ప్రతివాడినీ సలహా అడిగేవాడు, ఇంట్లో భార్యని మాత్రం అడిగేవాడు కాదు. కూరగాయలు కొనాలన్నా బజారులో నలుగురిని కనుక్కుని కొనేవాడు. వండేది హైమావతి. "ఏం తేవాలి?" అని ఆవిడని ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు. అలాగని చెడ్డవాడు కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే నాలుగు తిట్టి ఊరుకోవచ్చు. ఇలాంటి మంచివాళ్ళతోనే ప్రాణం విసిగిపోతుంది.

హైమావతి టీచరు. ఆ ఏడు ఆవిడకి హెడ్మిస్ట్రెస్‌గా ప్రమోషన్ వచ్చింది. కాని కొండమీద ఊరికి వేశారు. బడివేళకి అందే బస్సు లేదు. ఆటోలున్నాయిగాని నిండితేగాని కదలవు. వాటిని నమ్ముకుంటే చీకటితోనే ఇల్లు వదలాలి. పైగా ఆవిడకి కుడి మోకాలు నొప్పి. అందుకని ప్రమోషన్ వద్దని రాసిచ్చేద్దామనుకుంది.

"నేనుండగా నీకెందుకు బెంగ?" అన్నాడు గౌరీశ్వరరావు. "మా సబ్‌స్టేషను ఆ ఊరు దాటాకే కదా. రోజూ నేనే దింపుతాను. పాత బండి ఇద్దరితో ఆ ఎత్తు ఎక్కలేదు. మరీ పెద్దదీ చిన్నదీ కాకుండా ఒక మోస్తరు బండి కొందాం."

ఆ మాట నమ్మి హైమావతి ప్రమోషన్‌కి ఒప్పుకుంది.

ఇక మన గౌరీశ్వరరావు బళ్ళ మీద పడ్డాడు. ఆఫీసులో భుజంగరావు అని ఒక స్నేహితుడుండేవాడు. అతనికి సైకిలు తప్ప వేరే బండి లేదు, కాని ప్రపంచంలో ఉన్న మోటారు సైకిళ్ళన్నిటి మీదా అభిప్రాయం ఉండేది. ఇద్దరూ కలిసి ఆదివారం వస్తే షోరూముకి వెళ్ళేవారు. ఒక బండి తీసి బైపాసు దాకా పోయి వచ్చేవారు. దాని పికప్ బాగుంది, శబ్దం బాగాలేదు అనేవారు. ఇంకోటి తీసేవారు. దీని శబ్దం బాగుంది, బ్రేకు బాగాలేదు అనేవారు. మళ్ళీ మొదటిదే తీసేవారు. వినే మీకే విసుగొస్తోంది కదా, ఆ షోరూములో బళ్ళు చూపించే యుగంధర్ సంగతి ఆలోచించండి. అతను ప్రతిసారీ నవ్వుతూనే తాళం ఇచ్చేవాడు. ఎలా నవ్వాడో నాకైతే తెలియదు.

ఒక ఆదివారం హైమావతి చెప్పులేసుకుని సిద్ధంగా నిలబడింది.

"ఏమండీ, నేనూ వస్తాను. వెనక ఒక్కసారి కూర్చుని చూస్తాను," అంది.

"వెనక కూర్చోవడానికి చూసేదేముంది? కష్టమంతా నడిపేవాడిదే కదా," అన్నాడు.

"నా మోకాలి సంగతి మీకు తెలుసుగా."

"తెలుసు కాబట్టే ఇంత మంచి బండి వెతుకుతున్నాను," అని వెళ్ళిపోయాడు. తెలుసట!

షోరూములో యుగంధర్ కూడా అదే అడిగాడు. "వెనక ఎవరు కూర్చుంటారు సార్?"

"మా ఆవిడ."

"అయితే మేడమ్‌గారిని కూడా ఒకసారి తీసుకురండి."

"ఆవిడకి బళ్ళ గురించి ఏం తెలుసయ్యా?" అన్నాడు గౌరీశ్వరరావు. "వెనక భుజంగరావుని కూర్చోబెట్టి చూశాను. బ్రహ్మాండంగా ఉందన్నాడు."

భుజంగరావు ప్యాంటు వేసుకుని, అటో కాలు ఇటో కాలు వేసి కూర్చునే మనిషి. హైమావతి చీర కట్టుకుని ఒకవైపుకి కూర్చునే మనిషి. ఇంత చిన్న సంగతి అంత పెద్ద బుర్రకి తట్టలేదు.

చివరికి ఒక నల్లటి బండి కొన్నాడు. ముందు సీటు సింహాసనంలా ఉంది. వెనక సీటు అరచెయ్యంత ఉంది, ఎత్తుగా కూడా ఉంది. స్టార్టు చేస్తే వీధి చివరిదాకా వినపడేది. చీర చక్రంలో పడకుండా ఎడమవైపు ఇనుప శారీ గార్డు బిగించి ఇచ్చారు. ఆడవాళ్ళు కాలు పెట్టుకునే పలక కూడా దానికే ఉంది.

భుజంగరావు బండి చుట్టూ తిరిగి పెదవి విరిచాడు. "ఇంత అందమైన బండికి ఈ కటకటాలేమిటి? విప్పించెయ్."

"అది తీయకూడదు సార్," అన్నాడు యుగంధర్. "మేం తీయం."

వాళ్ళు తీయకపోతేనేం, బయట మెకానిక్కులు లేరా? గౌరీశ్వరరావు ఇంటికి వచ్చే దారిలోనే విప్పించాడు. గార్డుని గోనెసంచిలో చుట్టి అటక మీద పడేశాడు. హైమావతి చూసి, "ఇదేమిటండీ, నా కాలు ఎక్కడ పెట్టుకోను?" అంది. "అలవాటైపోతుందిలే, నెమ్మదిగా నడుపుతాను," అన్నాడు.

బడి తెరిచే రోజు వచ్చింది. హైమావతి కొత్త పొందూరు చీర కట్టుకుంది. బడి తాళాలు ఆవిడ సంచిలోనే ఉన్నాయి. గుమ్మం మెట్టు మీద నిలబడి, మొగుడి భుజం పట్టుకుని, మోకాలి నొప్పికి పళ్ళు బిగించి ఎలాగో ఎక్కింది. కాలికి ఆసరా లేదు. చేతికి పట్టు లేదు. బ్రేకు వేస్తే ముందుకి, ఎత్తు ఎక్కితే వెనక్కి జారిపోతోంది. సంచి పట్టుకోవాలా, కొంగు పట్టుకోవాలా, మొగుణ్ణి పట్టుకోవాలా? గౌరీశ్వరరావు మాత్రం ఇంజను పాట వింటూ హాయిగా నడుపుతున్నాడు.

ఘాట్ రోడ్డు రెండో మలుపులో కుచ్చిళ్ళు జారి వెనక చక్రంలో పడ్డాయి.

"ఆపండి!" అని అరిచింది. అతనికి వినపడలేదు. ముచ్చటపడి కొన్న శబ్దం కదా. ఆవిడ చొక్కా కాలరు పట్టి గుంజితే అప్పుడు ఆపాడు. ఇంకొక్క క్షణం ఆలస్యమైతే ఆ చక్రం ఆవిడని కిందికి లాగేసేది. ఎత్తు మీద బండి మెల్లగా పోతోంది కాబట్టి బతికింది. లేకపోతే ఈ కథ చెప్పడానికి నాకు నోరు వచ్చేది కాదు.

చీర చింపితేగాని చక్రం వదల్లేదు. వెనకే ఒక ఆటో వచ్చింది. అందులో ఉన్నవాళ్ళు జరిగి చోటిచ్చారు. ఒకావిడ తన జాకెట్టుకున్న పిన్నీసు తీసి ఇచ్చింది. కొత్త హెడ్మిస్ట్రెస్ చిరిగిన చీరతో, పిన్నీసుతో బడికి చేరేసరికి గేటు బయట పిల్లలందరూ ఎండలో నిలబడి ఉన్నారు.

ఆ సాయంత్రమే అతను అటక ఎక్కి గార్డు దింపాడు. మెకానిక్కు దగ్గర బిగించుకుని వచ్చి, "హైమా, చూడు, పెట్టించాను," అన్నాడు.

"ఇది విప్పేటప్పుడు నేను గుర్తొచ్చానా?" అంది హైమావతి.

మర్నాటినుంచి ఆవిడ చీకటితో లేచి ఆటోలో వెళ్ళేది. ఎవరికోసం కొన్నాడో ఆ మనిషి ఆటోలో, కొన్న బండి ఆటో వెనక. ఆవిడకి దారిలో ఏమైనా అవుతుందేమోనని గౌరీశ్వరరావు కూడా చీకటితోనే లేచి, ఆటో పొగ మింగుతూ వెనకే వెళ్ళేవాడు. ఆటోలో ఆడవాళ్ళు అతన్ని చూసి ముసిముసిగా నవ్వుకునేవారు. వెనక సీటుకి కప్పిన ప్లాస్టిక్ కవరు ఇంకా అలాగే ఉంది.

ఒకరోజు రైల్వే గేటు పడింది. ఆటో ఆగింది. పక్కనే బండి ఆగింది. అతను ఇంజను ఆపి హెల్మెట్ తీశాడు.

"హైమా, నీకు ఎలాంటి సీటైతే సుఖంగా ఉంటుంది?" అని అడిగాడు.

ఆటోలో ఆడవాళ్ళు మెడలు చాచి చూశారు. హైమావతి అతనివైపు తిరిగింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఈ ఒక్కమాట కొనేముందు అడిగుంటే, ఇప్పుడు మీ వెనకే కూర్చుని ఉండేదాన్ని," అంది.

గేటు లేచింది. ఆటో వెళ్ళిపోయింది. వెనక లారీలు హారన్లు కొడితేగాని అతను బండి తియ్యలేదు.

ఆ ఆదివారం ఇద్దరూ షోరూముకి వెళ్ళారు. భుజంగరావుని పిలవలేదు. యుగంధర్ వాళ్ళ బండికే తక్కువ ఎత్తు సీట్లు ఒక్కొక్కటే బిగించి చూపించాడు. హైమావతి ఎక్కింది, దిగింది, మళ్ళీ ఎక్కింది. "ఇది వద్దు," అంది. ఇంకోటి చూసింది. గౌరీశ్వరరావు ఆవిడ సంచి పట్టుకుని నోరు మూసుకుని నిలబడ్డాడు. జీవితంలో అతను చేసిన మొదటి సరైన బండి పరీక్ష అదే.

నీతి: ఎవరి సుఖం కోసం ఒక పని తలపెట్టామో ముందు వాళ్ళని అడగాలి, వాళ్ళని అడగకుండా ఊరందరినీ అడిగి చేసిన మేలు వాళ్ళకే ముప్పు తెస్తుంది.