ముగ్గని సారా

ఆస్ట్రియా నుంచి ఓడలో వచ్చిన తెల్ల ద్రాక్షసారా పీపాలకు రాజుగారు బూసయ్యను కాపలా పెట్టారు. చల్లటి నేలమాళిగ దాటకూడదు, సారా ముగ్గిన రోజే ఇంటికి పోవాలి. రాజుగారు ఏటా ఒక గుక్క రుచి చూసి, "ఇంకా ముగ్గలేదురా" అనేవారు. ముప్పై ఏళ్ళు గడిచాయి. చలికి బూసయ్య వేళ్ళు కొంకర్లు పోయాయి. ఆ ఏడూ అదే మాట వినేసరికి అతని ప్రాణం ఉసూరుమంది.

"నిజమే ప్రభూ, ఇంకో పాతికేళ్ళు పడుతుంది. అప్పుడు యువరాజుగారికి నా చేత్తోనే పోసిస్తాను," అన్నాడు.

నెరిసిన మీసం మీద రాజుగారి చెయ్యి ఆగిపోయింది. "ముగ్గింది! అన్నీ పైకి తెండి!" అని అరిచారు.

బూసయ్య ఊరికి పోయాడు. ఇల్లున్న చోట కందిచేను ఉంది. భార్య పేరు చెప్తే ఎవరికీ తెలియలేదు. తిరిగొచ్చి నేలమాళిగ ముందు చతికిలబడి భటుణ్ణి అడిగాడు: "ఖాళీ పీపాలకు కాపలా అక్కర్లేదా బాబూ?"