నాంచారమ్మ చేతి మీద బోర్డు

ఇంట్లో ముగ్గురు ఎముకలు కట్టేవాళ్ళుండగా నాంచారమ్మ చెయ్యి పొద్దుటినుంచి విరిగే ఉంది. విరిగింది కూడా వాళ్ళ బోర్డు తగిలిస్తూ స్టూలు మీంచి పడి.

బావగారు సత్తిరాజు, మొగుడు గవరయ్య, మరిది అబ్బులు. తమంత తెలివైనవాళ్ళు గోదావరికి ఇటూ లేరు, అటూ లేరని వాళ్ళ నమ్మకం. తాతల నాటినుంచీ కాళ్ళూ చేతులూ బాగానే కడుతున్నారు. మొన్న కాలు బెణికి వచ్చిన పట్నమాయన ఒకడు, "ఇంతకీ మీరు డాక్టర్లా, ఎవరు?" అని అడిగాడు. అంతే, పేరు లేకుండా ఇన్నాళ్ళూ వైద్యం ఎలా చేశామా అని ముగ్గురూ హడలిపోయారు. బోర్డు రాయించారు: ఎముకల వైద్యులు.

"బావగారూ, చెయ్యి విరిగింది, చూడండి!" అంది నాంచారమ్మ.

సత్తిరాజు బోర్డు చూశాడు, చెయ్యి చూశాడు. "ఎముక ఏదమ్మా? చర్మమే కనిపిస్తోంది. దాన్ని ముట్టుకుంటే బోర్డు అబద్ధమైపోదూ?"

"ఎముక లోపల ఉంటుంది బావగారూ!"

"అయితే బయటికి రమ్మను, చూస్తాం."

అబ్బులు సుద్దముక్క తెచ్చి బోర్డు మీద 'చర్మం' కూడా చేర్చాడు. చేర్చి, "వదినా, గాజులున్నాయిగా, అవి మన వైద్యంలోకి రావు," అన్నాడు. చెయ్యి వాచిపోయి గాజులు ఊడలేదు. ఇంకేముంది, గాజులూ బోర్డెక్కాయి. ఎక్కగానే ముగ్గురూ చతికిలబడి, పెరట్లో ఎప్పుడో పగిలిన గాజుముక్కలన్నీ ఏరి, గుడ్డుసొన రాసి వరసగా కట్లు కట్టారు.

"నా చెయ్యయ్యా!" అని అరిచింది.

గవరయ్యకి జాలేసింది. "ఒక్కొక్కటీ చేర్చడం ఎందుకన్నయ్యా, 'అన్నిటి వైద్యులు' అని రాసేద్దాం."

రాశారు. "అన్నిటికీ అన్నాక ఒక్క చేతికే కడితే మాట తప్పినట్టు," అన్నాడు సత్తిరాజు. అంతే, ఆమె తల కట్టారు, మెడ కట్టారు, కాళ్ళు రెండూ కట్టారు. కూర్చున్న మంచం కోళ్ళు కట్టారు. అటుగా వచ్చిన పిల్లికి తోక కట్టారు. విరిగిన చేతి దగ్గరికొచ్చేసరికి గుడ్డ అయిపోయింది.

"సంతలో కొనుక్కొస్తాం వదినా. అందాకా నొప్పిని ఆగమను."

నాంచారమ్మ ఇక అరవలేదు. మంచి చేత్తో కట్లన్నీ విప్పుకుంది. బోర్డు లాగి కింద పడేసి, కాలితో తొక్కి రెండు చేసింది. ఒక ముక్క మీద చెయ్యి ఆనించి, "ఈ వేళ్ళు పట్టుకుని లాగి కట్టవయ్యా. నువ్వెవరివో మాత్రం ఆలోచించకు," అంది మొగుడితో. లాగాడు. ఎముక సరిగ్గా కూర్చుంది. విప్పిన గుడ్డతోనే చేతిని ఆ చెక్కకి కట్టాడు.

మర్నాటినుంచి కొత్త తంటా. బోర్డు ఎక్కడుంటే ఆస్పత్రి అక్కడే కదా! ఆమె నీళ్ళకి వెళ్తే నూనె సీసాలతో ముగ్గురూ వెనకే, వాళ్ళ వెనక కుంటుకుంటూ రోగులు. చేపల సంతకెళ్తే అక్కడా అదే ఊరేగింపు.

చెయ్యి అతికాక ఆమె ఆ చెక్క తీసి నీళ్ళ కాగు కింద పొయ్యిలో పెట్టింది. పొగ లేచింది.

"ఒరే, ఆస్పత్రి వెళ్ళిపోతోందిరా, పదండి!" అన్నాడు సత్తిరాజు. ముగ్గురూ సీసాలు చంకన పెట్టుకుని పొగ వెంట పరుగు.

నాంచారమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. వెనక్కి పిలవకూడదనుకుంది. ఇవాళ్టిదాకా పిలవలేదు. ఎవరైనా కుంటుకుంటూ వచ్చి, "మీరు డాక్టరా అమ్మా?" అంటే, "ముందు కాలు చాపు," అంటుంది.