గవరయ్య పట్టపగలు పెట్టిన దీపం

అనగా అనగా, వీధివీధీ నువ్వుల వాసన వేసే ఒక ఊరుంది. ఆ ఊళ్ళో గానుగాడించి నూనె అమ్ముకునే గవరయ్య ఉన్నాడు. ఆయనకి ముత్యాలని ఒక కోడలు. కొడుకు కూడా ఉన్నాడులే, ఎద్దు వెనక తిరగడం తప్ప ఇంకేం ఎరగడు, వాణ్ణొదిలెయ్యండి.

ఒక ఏడు గవరయ్య అప్పుచేసి గది నిండా నువ్వులు కొన్నాడు. ముసురు పట్టింది. ఇల్లు కారింది. నువ్వులు తడిసి బూజు పట్టాయి. నువ్వులకి అప్పు, ఆ అప్పు తీర్చడానికి ఇంకో అప్పు, దాని వడ్డీకి మరో అప్పు. ఆఖరికి ముత్యాలు తండ్రి సన్యాసయ్య దగ్గర కూడా తెచ్చాడు. అప్పట్నుంచీ వియ్యంకుడు వీధిలో కనబడితే చాలు, పాపం, సందులోకి తిరిగిపోయేవాడు. ఊ కొడుతున్నారా? చిట్టీ, వాడి మీంచి కాలు తియ్యి.

ఆ రాజ్యంలో ఒక పద్ధతుంది. అప్పు తీర్చలేనివాడు పట్టపగలు రాజుగారి చావడి ముందు దీపం పెట్టి కూచోవాలి. ఎవరెవరికి బాకీయో, ఇంట్లో ఏమేం ఉన్నాయో అన్నీ చెప్పెయ్యాలి. కట్టుబట్టలూ, వండుకునే కుండలూ, పనిముట్లూ వాడికే వదిలేసి, మిగతావి అమ్మి అప్పులవాళ్ళకి ఎవరి వంతు వాళ్ళకి పంచుతారు. తక్కింది మాఫీ. దీపం కొండెక్కేలోపు అన్నీ చెప్పాలి, ఒక్కటి దాచినా మాఫీ లేదు, గానుగ కూడా లాక్కుంటారు.

గవరయ్య సిగ్గుతో చచ్చిపోయాడు. ముత్యాలే బయల్దేరదీసింది. తీరా చూస్తే నూనె అమ్మేవాడింట్లో ప్రమిదలోకి నూనె లేదు. పక్కింట్లో చెంచాడు అప్పు తెచ్చి, ఆ చెంచాడు కూడా మావగారిచేత బాకీల్లో చెప్పించింది.

గవరయ్య మంచం చెప్పాడు, మేక చెప్పాడు, మేక మెడలో గంట చెప్పాడు. ఇంకేమైనా ఉందా అని రాజు అడిగితే లేదన్నాడు. గడ్డివాములో ఇత్తడి గంగాళం దాచాడర్రా ఈ పెద్దమనిషి! తనకోసం కాదు. నలుగురిలో వియ్యంకుడి పేరు చెబితే కోడలికి తలవంపులని, ఆ గంగాళం చాటుగా ఆయనకి ఇచ్చేద్దామని.

చెంచాడు నూనె ఎంతసేపు? దీపం రెపరెపలాడుతోంది. గంగాళం సంగతి ముత్యాలుకి తెలుసు. కొంగు సర్దుకుని లేచింది.

"మావయ్యా, మా నాన్న పేరు కూడా చెప్పు. గంగాళం కూడా చెప్పు."

"చెప్పి, నీ మొహం ఎలా చూడనమ్మా?"

"ఏడాదై నువ్వు నన్ను అన్నం పెట్టమని అడగడం లేదు. ఆ రెండూ చెప్పేసి, ఇంటికొచ్చి అడుగు."

గవరయ్య ఏడుస్తూనే రెండూ చెప్పేశాడు. చెప్పాకే దీపం కొండెక్కింది. చెల్లుతుందన్నాడు రాజు. గానుగ ఉండిపోయింది, ఎద్దు ఉండిపోయింది. సన్యాసయ్య అందరితోపాటే తన వంతు చారెడు చిల్లర పుచ్చుకుని, వియ్యంకుడి భుజం మీద చెయ్యేసి ఇంటికి నడిపించుకొచ్చాడు.

గుమ్మం ఎక్కుతూనే గవరయ్య, "అమ్మా, ఆకలేస్తోంది" అన్నాడు. ముత్యాలు రెండు ఆకులు వేసింది.

అంచేత కష్టమొస్తే ఇంట్లోవాళ్ళ దగ్గర దాచకండర్రా, దాచుకున్నవాడికి అన్నం కూడా సయించదు. కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లోకి రండి.