గరికగుట్ట గొంగడి

అనగనగా, గొంగడి లేనిదే వానాకాలం గడవని రోజుల్లో, గరికగుట్ట అని ఒక గుట్ట ఉండేది. దాని చుట్టూ మూడు ఊళ్ళు. ఎగువూరు, నడిమూరు, దిగువూరు. మూడు ఊళ్ళ గొర్రెలూ మేసేది ఆ గుట్ట మీదే. మూడు ఊళ్ళవాళ్ళూ నేసేది నల్లగొంగళ్ళే. అయినా ఒక ఊరంటే ఇంకో ఊరికి పడేది కాదు.

ప్రతి ఊరికీ నేతలో ఒక రహస్యం ఉండేది మరి. దాన్ని కోడలికి చెప్పేవారు గాని కూతురికి చెప్పేవారు కాదు. కూతురు పెళ్ళయి పొరుగూరికి వెళ్తుంది, ఆమెతో పాటు విద్య కూడా వెళ్ళిపోతుందని భయం. కన్నబిడ్డనే నమ్మని విద్య అది!

దిగువూళ్ళో సిద్ధవ్వ అనే కోడలు ఉండేది. ఆమె పుట్టింది ఎగువూళ్ళో. ఆమె కాలు ఒకచోట నిలిచేది కాదు. కదురు తిప్పుకుంటూ, ఉన్ని వడుకుతూ, ఎప్పుడూ నడుస్తూనే ఉండేది. "దీని కాళ్ళకు చక్రాలున్నయి" అని అత్త బాలవ్వ విసుక్కునేది.

ఒక ఏడాది మూడు ఊళ్ళ పెద్దలూ జయకేతు మహారాజు ముందుకు వెళ్ళి, గుట్ట మాదంటే మాదని పోట్లాడుకున్నారు. రాజుగారికి తల బొప్పికట్టింది.

"మూడు ఊళ్ళూ కలిసి ఒకే గొంగడి నేసి తెండి. దాన్ని నా తల మీద పందిరిలా పట్టి నూరు కుండల నీళ్ళు పొయ్యండి. ఒక్క చుక్క కూడా కారకపోతే గుట్ట మీది. కారితే అది నా వేటకు ఉంచుకుంటాను. మృగశిర కార్తె లోపల మూడుసార్లు చూస్తాను" అన్నాడు.

గుట్ట పోతే గొర్రెలకు మేత లేదు. గొర్రెలు పోతే మూడు ఊళ్ళకూ బతుకు లేదు. జనం కాలుగాలిన పిల్లుల్లా తిరిగారు. తిరిగారే గాని, ఒకరి గడప ఒకరు తొక్కలేదు.

ఒక్కో ఊరు తలుపులు మూసుకుని ఒక్కో పట్టీ నేసింది. మూడింటినీ కలిపి కుట్టారు. రాజు దాని కింద కూర్చున్నాడు. పది కుండలు పోశారో లేదో, తడిసిన ఉన్ని ముడుచుకోసాగింది. ఒక పట్టీ బెత్తెడు ముడుచుకుంది, ఒకటి జానెడు ముడుచుకుంది, ఒకటి అసలు కదల్లేదు. కుట్టు పటపటా తెగింది. నీళ్ళన్నీ రాజుగారి మీసాల మీద పడ్డాయి.

కుట్టుదే తప్పన్నారు. రెండోసారి మూడు పేటల దారంతో కుట్టారు. ఈసారి కుట్టు ఆగింది, దాని పక్కన గొంగడే చినిగింది. రాజు తుమ్ముతూ లేచి, "ఇంకొక్కసారే" అని వెళ్ళిపోయాడు.

ఇంకేముంది! మీవల్లంటే మీవల్లని మళ్ళీ మొదలు. సిద్ధవ్వకు ఒళ్ళు మండిపోయింది. కదురు పట్టుకుని బయలుదేరింది. నడిమూళ్ళో "మీరెట్ల నేస్తరు?" అని అడిగితే తలుపు వేసుకున్నారు. ఎగువూళ్ళో కన్నతల్లినే అడిగింది.

"నువ్విప్పుడు పరాయి ఊరి పిల్లవు బిడ్డా" అంది తల్లి, తల తిప్పుకుని.

సిద్ధవ్వకు ఏడుపొచ్చింది. పడమట మబ్బులు పడుతున్నాయి. ఈదురుగాలి మొదలైంది. మృగశిరకు ఇక ఎనిమిది రోజులే ఉన్నాయి.

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఆమె గుట్ట మీద మూడు రాళ్ళు పెట్టి, కుండ ఎక్కించి, మంట వేసింది. మూడు ఊళ్ళకూ వినబడేలా కేకేసింది.

"రండ్రి, సూడుండ్రి! చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, గంజి కాస్తం. ఆ గంజి పడుగు దారాలకు పట్టిస్తం. గిదే మా దిగువూరి రహస్యం!"

ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. కర్ర పుచ్చుకుని బాలవ్వ కూడా వచ్చింది.

"ఇంటి ముచ్చట పదిమందిల పెడ్తవా? నిన్ను నమ్మి చెప్పిన సూడు!"

"రేపు గొర్ల మందే లేకపోతే ఈ గంజి దేనికి పెడ్తవు అత్తమ్మా?"

బాలవ్వ కర్ర ఎత్తింది. ఆమె కుండలోకి తొంగి చూసింది. కర్ర దించి, దాంతోనే గంజి కలిపింది.

"పల్చగున్నది. ఇంకో దోసెడు గింజలేయాలె. ఆ దోసెడు సంగతి నీక్కూడ చెప్పలే."

అప్పుడు సిద్ధవ్వ తల్లి ముందుకు వచ్చి కూతురి చెయ్యి పట్టుకుంది. "నేసినంక పట్టీని నీళ్ళల్ల నానబెట్టి కాళ్ళతోని తొక్కాలె బిడ్డా. ముడుచుకునేదంత అప్పుడే ముడుచుకుంటది, మళ్ళ వానకు ముడుచుకోదు. అటెన్క కుట్టాలె."

నడిమూరివాళ్ళు మాత్రం ఊరుకుంటారా? "కదురు రెండింతలు తిప్పి గట్టిగ వడకాలె" అన్నారు.

మిగిలిన ఏడు రోజులూ మూడు ఊళ్ళూ గుట్ట మీదే ఉన్నాయి. కలిసి వడికారు, కలిసి నేశారు, కలిసి తొక్కారు.

మృగశిర వచ్చింది. రాజు కూర్చున్నాడు. తొంభై తొమ్మిది కుండలు పోశారు. నూరో కుండ పోస్తుండగా రాజుగారి ముక్కు మీద ఒక చుక్క మెరిసింది. రాజు దాన్ని వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాడు.

"ఉప్పగా ఉంది. ఇది నా చెమటే! ఈ గొంగడి కింద ఉడికిపోతున్నాను" అని నవ్వాడు. తర్వాత కళ్ళెగరేసి, "తమ పట్టీ ఏదో చూపించిన ఊరికే గుట్టంతా రాసిస్తాను" అన్నాడు.

పెద్దలు ముగ్గురూ గొంగడి మీదికి వంగారు. తడిమారు, తిరగేశారు, మళ్ళీ తడిమారు. అన్ని పట్టీలూ ఒక్కలాగే ఉన్నాయి.

"మాకే తెలుస్తలేదు దొరా" అంది సిద్ధవ్వ.

"అయితే గుట్ట మీ అందరిదీ" అన్నాడు రాజు.

అప్పటినుంచి ఏటేటా మృగశిరకు ముందు మూడు ఊళ్ళూ గుట్ట మీద చేరి నేస్తాయి. కోడళ్ళతో పాటు కూతుళ్ళకూ నేర్పుతాయి. సిద్ధవ్వ మాత్రం ఇప్పటికీ కూర్చోదట. మూడు ఊళ్ళ మధ్య కదురు తిప్పుకుంటూ తిరుగుతూనే ఉంటుందట.

కాబట్టి పిల్లలూ, చేతిలో ఉన్న విద్యను దాచుకుంటే అది మన తలనైనా కాపాడలేదు, పదిమందితో పంచుకుంటే ఊళ్ళకు ఊళ్ళనే కాపాడుతుంది.